ఏట్లో దిగకూడని కుక్క

అంబ్రోస్ డాకెట్‌ది ఏటిని కాపలా కాసే ఉద్యోగం. హాంప్‌షైర్‌లో మార్ల్ అనే ఏటికి ఒకటిన్నర మైలు మేర ముప్పై నాలుగేళ్లుగా అతనే కాపరి. ఏరు ఎక్కడికీ పారిపోదు కదా, కాపలా దేనికి అని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. ఏటికి దొంగల వల్ల భయం లేదు, దాన్ని ప్రేమించే పెద్దమనుషుల వల్లే భయమని అక్కడ అందరికీ తెలుసు.

ప్రేమించేవాళ్లంటే మార్ల్ గాలపు క్లబ్బు సభ్యులు. మొత్తం పదమూడు మంది. కొత్తవాడికి చోటు దొరకాలంటే పాతవాళ్లలో ఒకరు పోవాలి. పాతవాళ్లు ఆ విషయంలో తొందరపడే రకం కాదు. అధ్యక్షుడు మేజర్ పెల్హామ్ ట్రీవ్. ఆయన లాబ్రడార్ కుక్క పేరు బ్రిగేడియర్. హోదాలో యజమాని కంటే పైమెట్టు. ఇంట్లోనూ అంతేనని మేజర్ గారి భార్య నలుగురిలో చెబుతూ ఉంటుంది. పదమూడు మంది సభ్యుల్లో పన్నెండు మందికి కుక్కలున్నాయి. మిగిలిన ఒక్కాయనకు దుమ్ము పడదు.

క్లబ్బుకు ఒక రూళ్ల పుస్తకం ఉంది. మొదటి రూలు ప్రకారం గాలానికి కట్టే ఈకల ఈగ నీటి మీద తేలాలి తప్ప మునగకూడదు. దాన్ని ఎగువకే విసరాలి. అదీ, ట్రౌట్ చేప పైకొచ్చి నిజం ఈగను మింగడం కళ్లారా చూశాకే విసరాలి. అడిగిన చేపకే వడ్డన. అడగని చేపకు వడ్డించడం అలగా జనం చేసే పని. నీటి అడుగున పురుగులా కదిలే ఈగను కట్టిన సభ్యుడొకడు వాళ్ల తాతల కాలంలో ఉండేవాడట. క్లబ్బు గుడిసె గోడకున్న పలక మీద అతని పేరుకు పూసిన నల్లరంగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అందువల్ల నూరేళ్లుగా ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ నీటి అడుగుకేసి చూసిన పాపాన పోలేదు.

అడుగుకేసి చూసే పని అంబ్రోస్‌ది. పదహారో ఏట పాత కాపరి దగ్గర కొడవలి పట్టుకున్నాడు. ఆయన పోయాక ఉద్యోగమూ, ఏటి మలుపులో ఉన్న కాపరి ఇల్లూ ఇతనికి వచ్చాయి. ఉద్యోగం ఉన్నంత కాలమే ఆ ఇల్లు. పొడవాటి కొడవలితో నడుముల్లోతు నీళ్లలో నిలబడి పాచి కోయాలి. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. ఎగువనా దిగువనా ఉన్న కాపరులంతా కలిసి అనుకున్న రోజుల్లోనే కోయాలి. లేకపోతే కోసిన పాచి వెళ్లి పక్కవాడి గాలాలకు చుట్టుకుంటుంది, ఇక ఆ ఊరి సారాకొట్టులో మొహం ఎత్తుకోలేం. ఆకురాలే కాలంలో ట్రౌట్ గుడ్లు పెట్టే చోట గులకరాళ్లను కదిపి మట్టి వదిలించాలి. సభ్యుడు విసిరిన గాలం చెట్టుకు చిక్కుకుంటే చెట్టెక్కి తీసి, "గాలి మళ్లిందండీ, లేకపోతే పడేదే" అనాలి. ఇది రూళ్ల పుస్తకంలో లేదు గాని, ఉద్యోగం నిలిచేది దీని మీదే.

భార్య నోరీన్ ఊరి బడిలో వంట చేస్తుంది. కూతురు లీడ్స్‌లో బస్సు నడుపుతుంది. ఇంట్లో మిగిలింది టాన్సీ. గోధుమరంగు మచ్చల స్పానియల్ కుక్క, పదమూడేళ్లది. తుంటి కీళ్లు అరిగిపోయి మూడు మెట్లు ఎక్కాలన్నా మధ్యలో ఆగి మనిషి మొహంలోకి చూసేది. కానీ సాయంత్రం ఇంటి వెనక మలుపులో దిగిందంటే నొప్పులన్నీ గట్టు మీద వదిలేసినట్టే. నీళ్లు బరువు మోస్తుంటే కుక్కపిల్లలా ఈదేది. రోజు మొత్తంలో దానికి సుఖమంటే ఆ పావుగంటే. అంబ్రోస్‌కూ అంతే. గట్టు మీద కూర్చుని చూసేవాడు.

ఇక అసలు సంగతి. ఏటా మే నెలాఖరులో మార్ల్ మీద పండగ వస్తుంది. రెండేళ్లు అడుగున బురదలో పురుగుగా బతికిన మే ఈగ ఒక మధ్యాహ్నం పైకి తేలి, రెక్కలు విప్పి, ఒకటి రెండు రోజులు ఎగిరి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. లక్షలుగా వస్తుంది. ఎంత గడుసు చేపైనా ఆ రెండు వారాలూ ఒళ్లు మరిచి తింటుంది, గాలం పట్టడం రానివాడికీ పడుతుంది. ఊళ్లోవాళ్లు దాన్ని మొద్దుల పక్షం అంటారు. క్లబ్బు సభ్యులంతా ఏడాదిలో తప్పకుండా వచ్చేది ఆ పక్షంలోనే. పేరుకూ దానికీ సంబంధం లేదని వాళ్ల నమ్మకం.

ఆ ఏడు ఈగ రాలేదు. ఏటి మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఎగిరాయి, వాటినీ పిచ్చుకలు ఏరుకున్నాయి. అంతకు ముందు నాలుగేళ్లుగా తగ్గుతూనే ఉంది. అప్పుడు ఎండ ఎక్కువైందని ఒక ఏడు, చలి ఎక్కువైందని ఒక ఏడు సర్దుకున్నారు. ఇప్పుడు సర్దుకోవడానికి వాతావరణం మిగల్లేదు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు అంతకు ముందు చేప పడనివాళ్లు ఈగను తిట్టేవాళ్లు. ఈసారి ఈగే లేకపోయేసరికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

మనిషి సిద్ధంగానే ఉన్నాడు. క్లబ్బు హద్దుకు ఎగువన గార్త్ ఆకెండెన్ గొర్రెల దొడ్డి ఉంది. గొర్రెల ఒంటి పురుగులు చావడానికి మందు నీళ్లలో ముంచుతాడు, ఆ నీళ్లు ఏట్లోకి వదులుతాడు, అందుకే ఈగ చచ్చింది. ఎవరూ చూడలేదు, అయినా పదమూడు మందికీ కళ్లకు కట్టినట్టు కనిపించింది. మేజర్ గారు ఏటి రక్షణ నిధి అని ఒకటి పెట్టారు. "మార్ల్‌ను కాపాడండి" అని స్టిక్కర్లు వేయించి అందరి కార్లకూ అంటించారు. జూన్ మూడో శనివారం సర్వసభ్య సమావేశం. అప్పటికి ఆకెండెన్ మీద రుజువు పట్టుకు రమ్మని అంబ్రోస్‌కు చెప్పారు.

అంబ్రోస్‌కు ఆ పని ఇష్టంగానే ఉండింది, దాచడం ఎందుకు. ఆకెండెనూ అతనూ ఒకే బడిలో చదివారు, అప్పటినుంచీ పడదు. సారాకొట్టులో నలుగురి ముందు "నువ్వు నా ఏటిని చంపుతున్నావు" అని ఈ ఏడే రెండుసార్లు అన్నాడు. ఆ ఈగ ఇక రాకపోతే తను ముప్పై నాలుగేళ్లు కాచింది ఏమిటన్న ప్రశ్న అతన్ని రోజూ తెల్లవారుజామున లేపుతోంది. దానికి జవాబు ఆకెండెన్ అయితే నిద్ర పట్టేది.

రుజువు పట్టే పద్ధతి తేలిక. నీళ్లలో దిగి, మూడు నిమిషాలు కాలితో గులకరాళ్లను కదపాలి. దిగువన సన్నటి వల పట్టాలి. వలలో పడినవాటిని తెల్లటి ట్రేలో పోసి లెక్కపెట్టాలి. అంబ్రోస్ ఎగువ నుంచి మొదలుపెట్టాడు. ఆకెండెన్ దొడ్డికి సరిగ్గా కింద, ట్రేలో ఏమీ ఉండదన్న ధీమాతో. ట్రే లుకలుకలాడింది. మే ఈగ పిల్లలు, ఆకుపచ్చ ఈగల పిల్లలు, రాళ్లతో గూడు కట్టుకునే పురుగులు, నీటి రొయ్యలు. రెండు వందల దాకా లెక్కపెట్టి ఆపేశాడు.

గట్టు మీద ఆకెండెన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏరా అంబ్రోస్, దొరికాయా శవాలు?"

"నీకెందుకు?"

"నా మీదే కదరా కేసు. మీ మేజరు కారు వెనక నా పేరొక్కటే రాయలేదు. చూడు, బాగా చూడు. నా గొర్రెలకు మందునీళ్లు మానేసి ఆరేళ్లయింది, ఇప్పుడు సూది వేయిస్తున్నా. ఇదే ముక్క సారాకొట్టులో చెప్పబోతే నువ్వు విన్నావా? పాటలా అందుకున్నావు."

అంబ్రోస్ ట్రేలోని నీళ్లు ఏట్లో ఒంపేశాడు. ఒకచోట బాగుంటే కొంచెం కింద బాగుండకపోవచ్చు కదా అనుకుంటూ దిగువకు నడిచాడు. హద్దు దగ్గర చూశాడు, బాగుంది. తన ఇంటికి పైన చూశాడు, బాగుంది. తన ఇంటి వెనక మలుపు దాటాక చూస్తే నలభై వచ్చాయి, అందులో మే ఈగ పిల్లలు నాలుగు. క్లబ్బు గుడిసె ముందు పచ్చిక దగ్గర, సభ్యుల కుక్కలు పొద్దస్తమానం బంతుల కోసం దూకే చోట చూస్తే నత్తలూ వానపాములూ తప్ప ఏమీ లేవు. మొదటిసారి లెక్క తప్పిందేమోనని మళ్లీ దిగాడు. మళ్లీ నత్తలే. హద్దుకూ గుడిసెకూ మధ్య ఏట్లో కలిసే కాలువ లేదు, గొట్టం లేదు. ఉన్నది అతని ఇల్లు ఒక్కటే.

జూన్ మొదటి శనివారం పొద్దున మళ్లీ మలుపులో ట్రే ముందేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. టాన్సీ అతని పక్కనుంచి నెమ్మదిగా నీళ్లలోకి జారింది. అది ఈదిన వెంబడే నీటి మీద సన్నగా, నూనె చుక్క పడ్డట్టు రంగులు తేలాయి. ఇంతలో పెరట్లోంచి నోరీన్ అరిచింది.

"అయ్యో, దాన్ని అప్పుడే దింపావా? మెడ మీద మందు వేసి గంట కాలేదు. అంతా కడుక్కుపోతుంది. ఆ మందు చుక్క పడితే పురుగన్నది బతకదు, అంత ఖరీదుదాన్ని ఏటిపాలు చేస్తావేంటి?"

అంబ్రోస్ ట్రేలోకి చూశాడు. కుక్క వైపు చూశాడు. నోరీన్ మళ్లీ ఏదో అంటోంది గాని అతనికి వినపడలేదు. నెలకోసారి, మొదటి శనివారం, ఈ కొత్త రకం మందు వచ్చిన ఐదారేళ్లుగా. గోమార్లు పట్టకుండా మెడ మీద చుక్కలు వేయడం, సాయంత్రం ఈతకు దింపడం. కంచే చేను మేసిందంటే ఇదే.

అయినా నమ్మబుద్ధి కాక పశువుల డాక్టరు హెస్టర్ రూక్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ మందు పెట్టె విప్పి, మడతలు పెట్టిన కాగితం తీసి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం వేలితో చూపించింది. మందు వేశాక కుక్కను వాగుల్లో వంకల్లో దింపరాదు. అందులో రాసిన రోజులు చాలవనీ, బొచ్చులోంచి వారాల తరబడి వదులుతూనే ఉంటుందనీ చెప్పింది. ఇది మీరు ఎవరికైనా చెప్పారా అని అంబ్రోస్ అడిగాడు. ఆ కాగితం చదివిన మనిషిని తాను ఇంతవరకూ చూడలేదంది డాక్టరు. మందు మానేసి దువ్వెనతో దువ్వుతుంటే ఆకురాలే కాలానికల్లా టాన్సీ ఒళ్లు శుభ్రమవుతుంది, అప్పుడు నిక్షేపంగా ఈదించుకోవచ్చంది.

ఆ రోజునుంచీ టాన్సీ ఈత ఆగింది. ఆకెండెన్ దగ్గరికి వెళ్లి చెప్పడం ఇంకా కష్టమైంది. "నువ్వు కాదురా. నా కుక్క" అన్నాడు, అంతే. ఆకెండెన్ ఎగతాళి చేస్తాడనుకున్నాడు. అతను చేయలేదు. "అయితే మేజర్‌కు నువ్వే చెప్పాలి కదరా" అన్నాడు జాలిగా. అది ఎగతాళి కంటే ఘోరంగా తగిలింది. కాపరి ఇల్లు ఎవరిదో ఆకెండెన్‌కూ తెలుసు.

సమావేశం రోజున గుడిసె ముందు పచ్చిక మీద బల్లలు వేశారు. దోసకాయ శాండ్‌విచ్‌లు, టీ, వైన్. పన్నెండు లాబ్రడార్లు నీళ్లలోకి దూకడం, పైకొచ్చి విదిలించడం, మళ్లీ దూకడం. సభ్యులు వారాంతానికి ఏటికి వస్తారు కాబట్టి, కార్లలో సీట్లకు గోమార్లు ఎక్కకుండా శుక్రవారమే కుక్కలకు మందు వేయించే ఇళ్లు వాళ్లవి. అంబ్రోస్ మూడు తెల్లటి ట్రేలు శాండ్‌విచ్‌ల పక్కన వరసగా పెట్టాడు. యాభై ఏళ్లుగా ఈకలతో మే ఈగలు కట్టే సోమర్టన్ గారు మొదటి ట్రేలోకి వంగి, నిజం మే ఈగ పిల్లను చూసి, "ఛీ, ఏంటివి?" అని వెనక్కి జరిగారు.

అంబ్రోస్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆకెండెన్ దగ్గర రెండు వందలు. తన మలుపులో నలభై. ఈ పచ్చిక దగ్గర సున్నా. ఆకెండెన్ పేరు వచ్చినప్పుడు తలలు ఊగాయి. మందు పేరు వచ్చేసరికి ఊగడం ఆగింది.

"ఒక్క నిమిషం డాకెట్," అన్నారు మేజర్. "నా బ్రిగేడియర్ ఈ ఏటిని చంపాడంటున్నావా?"

"ముందు నా టాన్సీ సార్. తర్వాతే తమరివి."

"కుక్కలు ఈ ఏట్లో నూరేళ్లుగా ఈదుతున్నాయయ్యా."

"ఈ మందు నూరేళ్లుగా లేదండీ. మందు మానేస్తే కుక్కలు ఎంతైనా ఈదొచ్చు. మందే కావాలంటే ఏట్లో దింపకూడదు. రెండూ కావాలంటే ఈగ ఉండదు. అంతేనండి నేను చెప్పేది."

ఆ తర్వాత గంటన్నర చర్చ జరిగింది. మందు మానేస్తే సోఫాల గతేమిటని ఒకరు. కుక్కను కట్టేయడం ఆంగ్లేయుడి లక్షణమేనా అని ఒకరు. తన కుక్క నీళ్లలో దిగడమే గాని తడవదని ఒకరు. గురివింద గింజ తన నలుపెరగదంటారు గాని, చూపించాక కూడా ఎరగకపోవడం చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది. చివరికి ఓటు పెట్టారు. కుక్కల మీద నిషేధానికి రెండు చేతులు లేచాయి. ఒకటి దుమ్ము పడని ఆయనది. రెండోది సోమర్టన్ గారిది, ఆయన టీ కోసం ఎత్తారు, దాన్నీ నిజాయితీగా లెక్కలో వేశారు.

అలాగని ఏమీ చేయకుండా లేచిపోలేదు. ఏటిని ప్రేమించేవాళ్లు కదా. మూడు తీర్మానాలు చేశారు. ముందుజాగ్రత్తగా ఆకెండెన్‌కు ఒక ఘాటైన ఉత్తరం. కాపరి శ్రద్ధకు అభినందన. నేరం స్వయంగా ఒప్పుకున్నందువల్ల కాపరి కుక్క ఇకమీదట మార్ల్ ఏట్లో దిగరాదని రూళ్ల పుస్తకంలో కొత్త రూలు.

ఇంటికొచ్చి చెబితే నోరీన్ చివరిదాకా విన్నది. తర్వాత, "ఇల్లు ఉంచారా?" అని అడిగింది. ఉంచారన్నాడు. "అయితే మనకు దక్కింది అదే" అని లేచి వెళ్లింది.

ఆకురాలే కాలం వచ్చేసరికి టాన్సీ ఒంటి మీద మందు చుక్క లేదు. డాక్టర్ రూక్ అలాగని కాగితం రాసిచ్చింది. అంబ్రోస్ దాన్ని జతచేసి, తన కుక్కను సాయంత్రం పావుగంట దింపుకోనివ్వమని క్లబ్బుకు అర్జీ పెట్టాడు. రూలు రూలేనని మేజర్ గారి దగ్గర్నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. దించేస్తే ఎవరు చూడొచ్చారు అంది నోరీన్. ఆకెండెనూ అదే అన్నాడు, కావాలంటే తన హద్దులోకి తెచ్చి ఈదించుకోమన్నాడు. కానీ అక్కడిదాకా దాని కాళ్లు నడవలేవు, ఎత్తితే తుంటి నొప్పికి మూలిగేది. ఇక చాటుగా దింపడమంటారా, రేపు మళ్లీ వీళ్ల ముందు నిలబడి నోరెత్తాలంటే తన వేపు వేలు చూపే సందు ఉండకూడదని అంబ్రోస్ పట్టు. ముప్పై నాలుగేళ్లలో అతను ఒక్క రూలు తప్పలేదు. టాన్సీ రోజూ సాయంత్రం పెరటి గేటు దగ్గరికి వెళ్లి, నీటి చప్పుడు వింటూ కూర్చునేది. చీకటి పడ్డాక తనే లేచి వచ్చేది.

రెండేళ్లు గడిచాయి. ఆకెండెన్ హద్దులోంచి కొట్టుకొచ్చిన పురుగులు మలుపులో నిలదొక్కుకున్నాయి. ఆ మే నెలాఖరున ఒక మధ్యాహ్నం, కాపరి ఇంటి వెనక ఎనభై గజాల మేర నీటి మీద మే ఈగ లేచింది. మబ్బులా లేచింది. చేపలు చప్పుడు చేస్తూ మింగుతున్నాయి. అంబ్రోస్ గట్టు మీద నిలబడి, ఒంటి నిండా వాలిన ఈగలను దులుపుకోకుండా ఏడ్చాడు. గుడిసె దగ్గర మాత్రం యథాప్రకారం నత్తలే.

కబురు గంటలో పాకింది. మర్నాడు పదమూడు మందీ గాలపు కర్రలతో, పన్నెండు మందీ కుక్కలతో దిగారు. ఆ మలుపుకు దారి కాపరి పెరట్లోంచే. గేటుకు అడ్డంగా అంబ్రోస్ నిలబడ్డాడు.

"కుక్కల్ని ఈ కంచెకు కట్టేసి వెళ్లండి సార్. లేదా కుక్కలతో గుడిసె దగ్గరికి వెళ్లండి, అక్కడ ఎంతసేపైనా ఈదించుకోవచ్చు. ఇల్లు తీసేసుకుంటామంటే తీసుకోండి. కానీ ఈ గేటు దాటి కుక్క రాదు."

మేజర్ గారు అతన్ని చూశారు, అతని భుజం మీదుగా ఏటిని చూశారు. సరిగ్గా అప్పుడే రెండు కిలోల ట్రౌట్ ఒకటి తీరిగ్గా పైకొచ్చి ఈగను మింగింది. ఏటి మీద ప్రేమ రెండేళ్లలో చేయించలేని పనిని చేప మీద ఆశ అర నిమిషంలో చేయించింది. ఒకరి తర్వాత ఒకరు పన్నెండు కుక్కల్నీ కంచెకు కట్టేశారు. నోరీన్ బకెట్‌తో నీళ్లు తెచ్చి పెట్టింది.

అందరికంటే వెనక మేజర్ మిగిలారు. బ్రిగేడియర్ తోలుపట్టా ముడి వేస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అన్నట్టు అడిగారు.

"మీ ముసలి కుక్క ఎక్కడ డాకెట్? గేటు దగ్గరే ఉండేది కదా."

"జనవరిలో పోయింది సార్."

"అయ్యో. ఈ మధ్య దింపుతూనే ఉన్నావనుకున్నానే. కాగితం కూడా పంపావు కదా, మందు లేదని."

"లేదు సార్. దింపొద్దన్నారు కదా."

మేజర్ గారి చేతులు ముడి మీదే ఆగిపోయాయి. "మరీ అంత పట్టించుకుంటావనుకోలేదయ్యా," అని గొణిగి, గాలపు కర్ర అందుకుని మలుపు వైపు నడిచారు.

అంబ్రోస్‌కు ఆయన మీద కోపం రాలేదు. రూలు పెట్టినవాళ్లే మరిచిపోయిన రూలును తనొక్కడే పట్టుకుని వేలాడాడు. టాన్సీ ఏడాదిన్నర ఆ గేటు దగ్గర కూర్చుని, తనేం తప్పు చేసిందో తెలియకుండానే పోయింది. ఒక్క సాయంత్రమైనా దింపి ఉంటే ఏటికి వచ్చే నష్టం ఏమీ ఉండేది కాదు. అతను గేటుకు గడియ పెట్టి, కుక్కల దగ్గర ఉండమని నోరీన్‌కు చెప్పి, చెట్టుకు చిక్కుకున్న మొదటి గాలం తీయడానికి వెళ్లాడు.